మూడు మిల్లీమీటర్ల చెక్క

కుండ కొనేవాళ్లు ముందు వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తారు. గిటార్ చేసేవాళ్లూ ఇలాగే తడతారు. కాకపోతే వాళ్లు తట్టేది తయారైన వస్తువును కాదు, ఇంకా గిటార్ కాని ఒక పల్చటి చెక్క పలకను. అంచుకు దగ్గరగా రెండు వేళ్ల మధ్య వదులుగా వేలాడదీసి, నడుమ తట్టి, చెవి ఒగ్గి వింటారు. కాస్త చిత్రిక పడతారు. మళ్లీ తట్టి వింటారు. ఎక్కువ చెక్కితే ఆ పలక కొన్నేళ్లలో కుంగిపోతుంది. తక్కువ చెక్కితే ఎన్నేళ్లయినా నోరు విప్పదు. చేత్తో గిటార్ చేయడంలో ఉన్న కష్టమంతా ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే. పెట్టె చిన్నదైన గిటార్లలో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి వాటినే పట్టుకుని చెబుతాను.

చిన్న గిటార్ అంటే పిల్లల గిటార్ అనుకోకండి. ఇవాళ మన ఊళ్లలో సంగీతం క్లాసుల్లో, కాలేజీ స్టేజీల మీద కనిపించే భారీ పెట్టె ఉన్న రకాన్ని డ్రెడ్‌నాట్ అంటారు. అది ఒక బ్రిటిష్ యుద్ధనౌక పేరు. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1916లో ఆలివర్ డిట్సన్ అనే సంగీత వ్యాపార సంస్థ కోసం ఈ రకాన్ని మొదటిసారి చేసింది, 1931లో సొంత పేరుతో అమ్మకానికి పెట్టింది. కింది భాగంలో దాని వెడల్పు 397 మిల్లీమీటర్లు. అంతకు ముందు దాదాపు వందేళ్ల పాటు పెద్దలు వాయించిన గిటార్లు చాలావరకు దీనికన్నా చిన్నవే. మార్టిన్ లెక్కలో 0 సైజు 343 మిల్లీమీటర్లు, 1 సైజు 324, 2 సైజు 305, 3 సైజు 286. అంకె పెరిగేకొద్దీ గిటార్ చిన్నదవుతుంది. వీటినే ఇప్పుడు పార్లర్ గిటార్లని పిలుస్తున్నారు. పార్లర్ అంటే ఇక్కడ ఇంట్లో వచ్చినవాళ్లను కూర్చోబెట్టే ముందుగది. నలుగురు కూర్చుని వినే చోటికి సరిపోయే వాద్యం అన్నమాట.

మైకులు లేని రోజుల్లో బాంజోల మధ్య, బ్యాండ్ల మధ్య గిటార్ వినపడక పెట్టె పెరుగుతూ పోయింది. 1922 నుంచి మార్టిన్ కంపెనీ ఉక్కు తీగలకు తగ్గట్టు గిటార్లు చేయడం మొదలుపెట్టడంతో మోత ఇంకా పెరిగింది. తర్వాత మైకులు వచ్చాయి. పెట్టె పెరగడానికి కారణమైన అవసరం పోయింది గాని పెద్ద పెట్టె అలవాటుగా నిలిచిపోయింది. అయినా చిన్న గిటార్ పూర్తిగా ఎప్పుడూ మరుగున పడలేదు. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫొటోలో ఆయన చేతిలో ఉన్నది గిబ్సన్ వాళ్ల ఎల్-1 అనే చిన్న గిటార్. జోన్ బేజ్ వేల మంది ముందు నిలబడి పాడినప్పుడు ఆమె చేతిలో ఉండేది 1929లో చేసిన మార్టిన్ 0-45.

ఈ మార్టిన్ కంపెనీ పెట్టిన మనిషి కథ కూడా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్‌షెన్ అనే ఊళ్లో పుట్టాడు. ఇంటి వృత్తి వడ్రంగం. వియన్నాలో యోహాన్ స్టాఫర్ దగ్గర గిటార్ పని నేర్చుకున్నాడు. సొంత ఊరికి తిరిగొస్తే, వడ్రంగి సంఘం వాళ్లకు గిటార్లు చేసే హక్కు లేదని వయొలిన్ తయారీదారుల సంఘం అడ్డం తిరిగింది. ఆ గొడవలతో విసిగి 1833లో న్యూయార్క్ ఓడ ఎక్కాడు. కుర్చీలు, బీరువాలు చేసే చేతులు వాద్యం చేయకూడదని పట్టుబట్టిన ఆ ఊరు, ఉక్కు తీగల గిటార్‌కు రూపం ఇచ్చిన వంశాన్ని పోగొట్టుకుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆరు ఉక్కు తీగలను శ్రుతి చేసి బిగిస్తే అన్నీ కలిసి లాగే బలం సుమారు 70 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలు మూడు వేలాడదీస్తే ఎంత లాగుతాయో దాదాపు అంత. పగలూ రాత్రీ, వాయించినా వాయించకపోయినా ఆ లాగుడు ఆగదు. దాన్ని ఎదుర్కొని నిలబడాల్సింది దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న పైచెక్క. చిన్న గిటార్లో అంతకూ తక్కువే. తీగలు తమను పైచెక్కకు కట్టి ఉంచే చెక్కముక్కను, అంటే బ్రిడ్జిని, ముందుకు వంచాలని చూస్తాయి. దాంతో బ్రిడ్జి వెనక చెక్క ఉబ్బుతుంది, ముందు చెక్క కుంగుతుంది. ఇలా జరగకుండా చెక్కను మందంగా ఉంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ తీగ పుట్టించే శబ్దం చాలా చిన్నది. ఆ కదలికను అందుకుని తానూ ఊగి, గదిలో గాలిని ఊపేది ఈ పైచెక్కే. బరువైన పలక ఊగదు. అందువల్ల గిటార్ చేసేవాడు విరిగిపోనంత గట్టిగా, విరిగిపోతుందేమో అనిపించేంత తేలిగ్గా చేయాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. పలక వంగకుండా నిలబడే బిగువు దాని మందాన్ని బట్టి కాదు, మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం సగానికి తగ్గిస్తే బిగువు సగం కాదు, ఎనిమిదో వంతు మిగులుతుంది. మూడు మిల్లీమీటర్ల పలకను 2.7కు తెస్తే మనం తీసింది పదో వంతే, పోయిన బిగువు మాత్రం పావు వంతుకు పైగా. చిత్రిక నాలుగుసార్లు ఆడితే రాలే పొట్టు అంత. ఆ పొట్టు చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు.

పలక వైశాల్యం తగ్గితే ఈ లెక్క మనవైపు తిరుగుతుంది. రెండు గోడల మధ్య వేసిన పొడవాటి పలక మీద నిలబడితే ఊగుతుంది. అదే మందం ఉన్న పొట్టి పలక ఊగదు. 397 మిల్లీమీటర్ల బదులు 343 మిల్లీమీటర్ల మధ్య పరుచుకున్న పైచెక్క సహజంగానే ఎక్కువ బిగువుగా ఉంటుంది. కాబట్టి దాన్ని ఇంకా పల్చగా, ఇంకా తేలిగ్గా చెక్కవచ్చు. తేలికైన పలకను కదిలించడానికి కొద్ది బలం చాలు. చిన్న గిటార్ వేలి కొసతో మెల్లగా మీటినా వెంటనే పలుకుతుందని వాయించేవాళ్లు చెప్పేది ఇందుకే. పైగా పాత చిన్న గిటార్లలో మెడ 12వ మెట్టు దగ్గర పెట్టెతో కలుస్తుంది. తర్వాత వచ్చిన వాటిలో 14వ మెట్టు దగ్గర. 12 దగ్గర కలిస్తే బ్రిడ్జి కిందికి జరిగి, వెడల్పు భాగం నడిమధ్యకు వస్తుంది. డప్పును అంచున కాకుండా నడుమ కొట్టినట్టు.

అన్నీ లాభాలే అనను. ఖాళీ సీసా మూతి మీద ఊదితే హూమని పలుకుతుంది. చిన్న సీసా స్థాయి ఎక్కువ, పెద్ద సీసా స్థాయి తక్కువ. గిటార్ పెట్టె లోపలి గాలి కూడా గుండ్రటి రంధ్రం గుండా అలాగే ఊపిరి తీస్తుంది. పెట్టె చిన్నదైతే ఆ గాలి స్వరం పైకి పోతుంది, అట్టడుగు స్వరాలకు దన్ను తగ్గుతుంది. నలుగురు పాడుతుంటే వెనక దమ్ముగా తాళం వేయాలంటే పెద్దదే మేలు. ఒక్కో తీగ విడివిడిగా, తేటగా వినపడాలంటే మాత్రం నా ఓటు చిన్నదానికే. పక్క స్వరాన్ని మింగేసే బరువైన మోత దానిలో ఉండదు.

పైచెక్కదే పెద్దరికమని నిరూపించడానికి స్పెయిన్ దేశపు అల్మెరియాకు చెందిన అంటోనియో డి టోర్రెస్ 1862లో ఒక సాహసం చేశాడు. పైచెక్క మాత్రం మంచి స్ప్రూస్‌తో చేసి, పక్కలనూ వెనకనూ అట్టతో చేశాడు. మనం పుస్తకాలకు వేసుకునేలాంటి అట్ట. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది. ఖరీదైన వెనక చెక్క చూసి మురిసిపోయే కొనుగోలుదారులందరూ ఒక్కసారి తలుచుకోవాల్సిన గిటార్ అది.

పైచెక్కకు ఎక్కువగా వాడే స్ప్రూస్ చలిదేశాల చెట్టు. పియానో లోపలి పలకకూ, వయొలిన్ పైచెక్కకూ కూడా ఇదే. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. దుంగను పుచ్చకాయ ముక్కలు కోసినట్టు నడిమి నుంచి అంచుకు కోస్తే వలయాలు పలక మీద నిలువు గీతలుగా, దువ్వెన పళ్లలా వస్తాయి. అలాంటి ముక్కను మందంలో మళ్లీ రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరిచి నడుమ అతికిస్తారు. అందుకే మంచి గిటార్ ముఖం మీద కుడి ఎడమలు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. నార వెంట ఈ చెక్కకున్న బిగువు నారకు అడ్డంగా ఉన్న బిగువు కన్నా పది రెట్లకు పైనే.

ఒకే కొలతకు కోసిన రెండు స్ప్రూస్ పలకలు చేతిలోకి తీసుకుని వంచి చూస్తే ఒకటి మొండికేస్తుంది, ఇంకొకటి లొంగుతుంది. చెట్టు వేరు, అది పెరిగిన కొండ వాలు వేరు. ఫ్యాక్టరీలో వేల గిటార్లకు ఒకే అంకె పెట్టుకోవాలి. బలహీనమైన పలక కూడా తట్టుకునేలా ఆ అంకె ఉండాలి. కాబట్టి బలమైన పలక అవసరానికి మించిన మందంతో ఉండిపోతుంది. చేత్తో చేసేవాడికి అంకె లేదు. ఆ పలక ఎంత వంగుతోందో, తడితే ఎంతసేపు మోగుతోందో చూసి దానికి దాని మందం ఇస్తాడు. చేతిపనికి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలని అడిగితే నా జవాబు ఇదే. మిగతా చాలా పనుల్లో యంత్రానికే చెయ్యి కన్నా గురి ఎక్కువ. అది ఒప్పుకోవడానికి మొహమాటం అక్కర్లేదు.

పక్కలకూ వెనకకూ పేరుపొందింది రోజ్‌వుడ్. బ్రెజిల్ 1960ల చివర్లో తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతి ఆపేశాక, 1969లో మార్టిన్ కంపెనీ మన దేశపు రోజ్‌వుడ్‌కు మారింది. తెలుగులో ఇరుగుడు, జిట్రేగి అని పిలిచే చెట్టు అదే. మన ఇళ్లలో తాతల నాటి మంచాల్లో, పెట్టెల్లో కనపడే ఆ ఊదా నలుపు చెక్క ప్రపంచంలోని మంచి గిటార్లలో చాలావాటికి నడుమై కూర్చుంది అంటే అతిశయోక్తి కాదేమో. 2017 జనవరిలో ఈ జాతి చెట్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారానికీ అనుమతులు తప్పనిసరి అయ్యాయి. గిటార్ పట్టుకుని దేశం దాటడమే భయమైంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడినవి తప్ప మిగతా తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చింది.

ఈ చెక్కను గిటార్ నడుము ఆకారంలో వంచడం చూడదగ్గ పని. రెండు మిల్లీమీటర్ల మందం, జానెడు కన్నా తక్కువ వెడల్పు, ముప్పావు మీటరు పైన పొడవున్న బద్దను నీళ్లలో తడుపుతారు. ఎదురుగా ఒక ఇనప గొట్టం, లోపల మంట. దోసె వేసే ముందు పెనం మీద నీళ్లు చిలకరించినట్టు గొట్టం మీద చిలకరిస్తారు. చుక్క గోలీలా దొర్లి చిటపటలాడితే వేడి సరిపోయింది. బద్దను గొట్టానికి ఆనించి మెల్లగా అటూ ఇటూ జరుపుతూ అదుముతారు. మొదట చెక్క లొంగదు. ఆవిరి లేస్తుంది, రోజ్‌వుడ్ తియ్యటి వాసన గదంతా నిండుతుంది. తర్వాత ఒక్క క్షణంలో బిగువంతా సడలి తోలులాగా వంగుతుంది. నారలను అతికి ఉంచే జిగట పదార్థం వేడికి మెత్తబడటం వల్ల ఆ క్షణం వస్తుంది. తొందరపడి దానికి ముందే నొక్కితే టప్పున చీలుతుంది. చూసీ చూడనట్టు వదిలేస్తే మాడుతుంది. చిన్న గిటార్ నడుము వంపు మరీ సన్నం కాబట్టి చాలామంది ముందు అక్కడే మొదలుపెడతారు. విరిగితే అక్కడే విరగాలి, మిగతా శ్రమ వృథా కాకుండా.

వంచిన పక్కలు అచ్చులో ఆరుతుండగా పైచెక్క లోపలివైపు బద్దలు అతికిస్తారు. 1840ల్లో మార్టిన్ స్థిరపరచిన పద్ధతిలో రెండు ప్రధాన బద్దలు గుండ్రటి రంధ్రానికి కాస్త కింద గుణకారం గుర్తులా దాటుకుంటాయి. వాటి కాళ్లు బ్రిడ్జి రెండు చివరల కింద నుంచి పోతాయి. నారకు అడ్డంగా చెక్కకున్న బలహీనతను పూడ్చేది ఈ బద్దలే. అతికించాక వాటిని పల్చటి ఉలితో చెక్కడం మొదలవుతుంది. చేతిలో పలక, చెవి దగ్గర పలక. తొలుత తడితే టక్కుమని పొట్టిగా, బల్ల మీద తట్టినట్టే ఉంటుంది. బద్దల కొసలు సన్నబడుతున్నకొద్దీ ఆ టక్కు సాగి, కిందికి దిగి, లోపల ఎక్కడో గాలి ఉన్నట్టు గుమ్మంటుంది. ఉలి ఒక పొర తీస్తుంది, చెవి వింటుంది. ఒక దశలో ఇంకో పొర తీసినా పలుకులో మార్పు ఉండదు, లేదా మోత డొల్లబారుతుంది. అనుభవజ్ఞులు దానికి రెండు పొరల ముందే ఉలి కింద పెడతారు. తీసిన పొరను మళ్లీ అతికించే దారి లేదు.

బొబ్బిలి వీణ ఎరిగిన మనకు ఈ పనిలో ఒక వింత తోస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. కుండా దండీ ఒకే మానులోంచి వస్తాయి. గిటార్‌లో తొలిచేది ఏమీ లేదు, అన్నీ పల్చటి రేకుల్లాంటి చెక్కలే, వంచి అతికినవే. మెట్ల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. వీణ మెట్లు 24, అవి మైనం మీద నిలబడతాయి. చెవికి తేడా అనిపిస్తే మైనం మెత్తబరిచి మెట్టు జరపవచ్చు. గిటార్ మెట్టుకు సన్నటి గాడి కోసి, లోహపు ముక్కను అందులో దిగ్గొడతారు. గాడి ఒకసారి తప్పితే ఆ పలక పారేయాల్సిందే.

అందుకే ఆ గాడులకు గట్టి లెక్క ఉంది. తీగ పొడవు 632 మిల్లీమీటర్లనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 35.5 వస్తుంది. అది మొదటి మెట్టు దూరం. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండో మెట్టు. ఇలా 12వ మెట్టుకు వచ్చేసరికి సరిగ్గా సగం, 316 దగ్గర నిలుస్తుంది. అక్కడ పై షడ్జం. 16వ శతాబ్దంలో విన్సెంజో గెలీలీ ఈ భాజకాన్ని 18గా చెప్పాడు. ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి ఈయన, ల్యూట్ వాద్యకారుడు. 18తో లెక్కేస్తే 12వ మెట్టు దగ్గర రెండు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. ఆ తేడాలో ఒక మేలు కూడా ఉంది. తీగను నొక్కినప్పుడు కాస్త సాగి శ్రుతి పైకి పోతుంది, 18 భాజకం దాన్ని కొంత సర్దుతుంది. ఇప్పటివాళ్లు కచ్చితమైన లెక్కతోనే మెట్లు కోసి, బ్రిడ్జి మీది ఎముక పట్టీని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి, లావు తీగల వైపు మరికాస్త వెనక్కి వాలుగా పెట్టి ఆ సర్దుబాటు చేస్తారు.

చెక్క చచ్చిపోయినా గాలిలో తేమ పీల్చడం మానదు. తేమ తగిలితే నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుంటుంది. పైచెక్క నాలుగు వైపులా అంటుకుని ఉంది కాబట్టి కుంచించుకోవడానికి చోటుండదు. చిన్న గిటార్ వెడల్పులో కూడా పొడి గాలికి ఒక మిల్లీమీటరు పైగా తగ్గాలని చూస్తుంది. నేనొకసారి హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలలంతా ఒక చిన్న గిటార్‌ను పడమటి గోడకు తగిలించి ఉంచాను. జూన్ మొదట్లో తీసి చూస్తే బ్రిడ్జి వెనక, నార వెంట, వెంట్రుక మందాన ఒక గీత. గోరుతో రాస్తే తట్టింది. బాగుచేసినాయన గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి పెట్టి లోపల చిన్న చిన్న చతురస్రపు చెక్కముక్కలు అడ్డంగా అతికి దాన్ని నిలబెట్టాడు. చేసేవాళ్లు పనిగదిలో గాలి తేమను 45 శాతం చుట్టుపక్కల కాపాడుకునేది ఇందుకే. అంతకన్నా తేమలో అతికిన గిటార్ పొడి ఊరికి వెళితే పగులుతుంది. గుంటూరు, అనంతపురం వేసవుల్లో ఉండేవాళ్లు గిటార్‌ను దాని కేసులోనే మూసి ఉంచడం, పక్కన తడి స్పాంజి ముక్క ఒక చిల్లుల డబ్బాలో పెట్టడం అవసరం.

చివరి పూత సంగతి త్వరగా ముగిస్తాను. పాత పద్ధతిలో లక్క పురుగు ఇచ్చే లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూదితో గంటల తరబడి రుద్దుతారు. మన వడ్రంగులు స్పిరిట్ పాలిష్ అనేది దీన్నే. ఆ లక్కలో ఎక్కువ భాగం జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు నుంచి వస్తుంది. పూత ఎంత పల్చగా ఉంటే చెక్క అంత స్వేచ్ఛగా ఊగుతుంది. అద్దంలా మెరిసే మందపాటి ప్లాస్టిక్ పూత గీతలు పడకుండా కాపాడుతుంది గాని, ఇంత కష్టపడి పల్చన చేసిన పలకకు దుప్పటి కప్పినట్టే.

బ్రిడ్జి అతికించి ఒక రోజంతా బిగువులో ఉంచాక తీగలు ఎక్కిస్తారు. ముందు శ్రుతికి తక్కువగా బిగించి వదులుతారు. గంట తర్వాత చూస్తే దిగిపోయి ఉంటాయి. మళ్లీ బిగిస్తారు. మొదటి రాత్రి గిటార్ ఇంకా బిడియంగా, గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. తెల్లారేసరికి పైచెక్క తొలిసారి ఆ 70 కిలోలను మోసి, బ్రిడ్జి వెనక కంటికి కనీ కనిపించనంత ఉబ్బి ఉంటుంది. చేసినాయన ఒక ఉక్కు స్కేలు తీసుకుని దాని మీద అడ్డంగా నిలబెట్టి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని, స్కేలు అంచు కింద సందు ఎంత ఉందో చూస్తాడు. సంతృప్తి పడితే, మెడ చివర ఎముకలో తీగ కూర్చునే గాడిని సన్నటి ఆకురాయితో మరో రెండుసార్లు రాస్తాడు. తీగ ఎక్కిస్తాడు, శ్రుతి చేస్తాడు, కూర్చుని వాయిస్తాడు.